గుమ్మంలో చెప్పిన మాట

"ఆ గడ్డిపోచ ఇంకాస్త లోపలికి గుచ్చు. దారిలో గాలికి ఊడిపోతుంది," అంది ఎల్స్‌పెత్.

గావిన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీలోకి గడ్డిపోచ దూర్చడానికి ఇందాకటినుంచీ తంటాలు పడుతున్నాడు. నాగలికి కట్టిన రెండు గుర్రాలను ఒంటిచేత్తో మలిపే మనిషి. ఈ పొద్దున గడ్డిపోచ ఆయన మాట వినడం లేదు.

టోపీలో గడ్డిపోచ ఉంటే ఆ మనిషికి యజమాని లేడని అర్థం. ఈ రోజు వూలర్ ఊళ్ళో పనివాళ్ళను కుదుర్చుకునే రోజు, సంతవీధిలో అలాంటి టోపీలు చాలా ఉంటాయి. గావిన్ మాత్రం పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి అలా నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ అవసరం రాలేదు.

"ఇలా ఇవ్వు, నేను గుచ్చుతాను."

"వద్దు. ఎవరి గడ్డి వాళ్ళే గుచ్చుకోవాలి."

పొయ్యి దగ్గర ఫిలిస్ పెనం మీద బార్లీరొట్టె తిరగేస్తోంది. వీపు ఇటు పెట్టి కూర్చుంది. తండ్రి మాటకు ఆ వీపు కాస్త బిగుసుకోవడం ఎల్స్‌పెత్ చూసింది.

వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ అయ్యగారు వచ్చి చెప్పి వెళ్ళారు. వీళ్ళకు తప్ప. చలికాలం చివర లాంగ్‌రిగ్ పొలం యజమాని తన హైండ్‌లను, అంటే ఏడాది కట్టుబాటు మీద గుర్రాలతో సేద్యం చేసేవాళ్ళను, ఒక్కొక్కరినీ కలిసి, వచ్చే ఏడాదికీ ఉండమని నోటితో చెబుతాడు. చెప్పాడంటే ఇల్లు, ఆవుకు మేత, గుర్రాల జత, అన్నీ మరో ఏడాది నీవే. చెప్పలేదంటే మే నెలలో మంచాలూ గిన్నెలూ బండికెక్కించుకుని పోవాలి. ఎందుకు చెప్పలేదని వెళ్ళి అడిగే అలవాటు ఆ వైపు లేదు. అడిగినవాడు పలచనైపోతాడు.

"పెద్దయ్యగారుంటే ఇలా జరిగేదా?" అన్నాడు గావిన్, టోపీతోనే చెబుతున్నట్టు. "గుర్రాలశాల దగ్గరికి తనే నడిచొచ్చేవాడు. నా గుర్రం క్యాప్టెన్ మెడ నిమిరి, 'గావిన్, నిన్ను మాత్రం నేను వదులుకోను' అనేవాడు. ఏటా అదే మాట. ఒక్క అక్షరం మారేది కాదు."

ఆ మాటను ఆయన ఏటా ఇంటికి మోసుకొచ్చేవాడు. రాత్రి గంజి తాగుతూ రెండుసార్లు చెప్పేవాడు. ఎల్స్‌పెత్ రెండుసార్లూ కొత్తగా విన్నట్టే వినేది.

"ఈ కొత్తాయనకు మనం గిట్టలేదు. ఎందుకు గిట్టలేదో అందరికీ తెలుసు."

"తెలిస్తే పేరు పెట్టి చెప్పు నాన్నా. గోడలతో ఎందుకు చెబుతావు?" ఫిలిస్ తిరగకుండానే అంది.

"టర్నిప్ చేలో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదే, పిల్లా!"

"ఏమన్నాను? నా పేరు చెప్పాను."

"ఎవరడిగారు నీ పేరు?"

"ఎవరూ అడగలేదు. అందుకే చెప్పాను."

పోయిన నెల జరిగిన సంగతి అది. కొత్త అయ్యగారి చుట్టం, లండన్ నుంచి వచ్చిన ఒకావిడ, చేను గట్టున నిలబడి, "పాపం, వీళ్ళకు చలేయదా?" అంది. "వీళ్ళా? వీళ్ళు బాండేజర్లు," అన్నాడాయన, ఆ మాటతో చలి సంగతి తేలిపోయినట్టు. మంచు పట్టిన టర్నిప్ దుంప ఒక చేతిలో, కత్తి ఇంకో చేతిలో పట్టుకుని, కాళ్ళకు గడ్డితాళ్ళు చుట్టుకున్న ఫిలిస్ నడుం ఎత్తి నిలబడింది. "నేను ఎవరి బాండేజర్నీ కానమ్మా. నా పేరు ఫిలిస్ టేట్," అంది. చేలో ఉన్న ఆడవాళ్ళందరి కత్తులూ ఆగిపోయాయట.

హైండ్‌గా కుదిరిన ప్రతివాడూ తనతోపాటు పొలానికి ఒక ఆడమనిషిని పంపాలి. ఇల్లు ఇచ్చేది ఆ కట్టుబాటు మీదే. పెళ్ళామైనా సరే, కూతురైనా సరే, ఎవరూ లేకపోతే జీతానికి తెచ్చి ఇంట్లో పెట్టుకున్న పిల్లైనా సరే. ఆమెను బాండేజర్ అంటారు. మోకాళ్ళు పట్టేసేదాకా ఎల్స్‌పెత్ ఆ పని చేసింది. తర్వాత తన గడ్డిటోపీ తీసి ఫిలిస్ తల మీద పెట్టింది. అప్పటికి ఫిలిస్ తల చిన్నది. టోపీ కళ్ళ మీదికి జారితే ముగ్గురూ నవ్వుకున్నారు.

ఫిలిస్ రొట్టె తీసి గుడ్డలో పెట్టింది. ఈసారి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఇవాళ అక్కడ ఎవరైనా నిన్ను మాట్లాడుకుంటే, ఒప్పుకునే ముందు నన్నొక మాట అడుగుతావా?"

"నిన్నడిగేదేమిటి?"

"బేరంలో నన్ను కూడా ఇస్తున్నావు కదా."

"నా గుర్రాలనడిగానా ఏనాడైనా, చేలోకి వస్తారా అని?"

అనేశాడు. అన్నాక తనే ఆ మాటను చూసి జడుసుకున్నట్టు టోపీలోకి తలొంచుకున్నాడు. పెనం మీద మిగిలిన పిండి మాడుతోంది. 

"వాటిని పేరు పెట్టి పిలుస్తావు నాన్నా," అంది ఫిలిస్.

గొంతు పెంచలేదు. ఏడవలేదు. గుడ్డలో చుట్టిన రొట్టె బల్ల అంచున పెట్టి, కత్తి తీసుకుని, టర్నిప్ కొట్టానికి వెళ్ళిపోయింది.

గావిన్ కోటు తొడుక్కున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాటాడు. రొట్టె బల్ల మీదే ఉండిపోయింది. కేకేసి పిలుద్దామనుకుంది ఎల్స్‌పెత్. వరసలో ప్రతి కిటికీ వెనకా ఒక ముఖం ఉంటుందని తెలుసు. ఆ ముఖాల ముందు ఆయనను మళ్ళీ వెనక్కి తిప్పడం ఇష్టంలేక ఊరుకుంది.

*

వరస చివర పశువుల కొట్టంలో ఆవు పాలు పిండుతుంటే పక్కింటి పెగ్ వచ్చి గడప మీద నిలబడింది.

"వెళ్ళాడా అన్నయ్య?"

"వెళ్ళాడు."

"గడ్డి పెట్టుకునే వెళ్ళాడా?"

"లేదు, నెమలీక పెట్టుకుని వెళ్ళాడు."

పెగ్ నవ్వలేదు. "నా మీద కోపమెందుకు వదినా? మా ఆయన రాత్రంతా అదే బాధ పడ్డాడు. గావిన్ లేని గుర్రాలశాలేమిటని. ఆ గుర్రాలు ఎవరికిస్తారో ఏమోనని."

"మీ ఆయనకే ఇస్తారేమో. అందుకే నిద్ర పట్టలేదేమో."

"అయ్యో దేవుడా, అలాంటి బుద్ధి మాకెందుకు!" పెగ్ గడప మీదే కాస్త అటూ ఇటూ ఊగింది. "ఒక్క మాట చెప్పనా, ఏమీ అనుకోకపోతే? మీ పిల్ల వెళ్ళి, తప్పయింది అయ్యగారూ అంటే పోయేదేముంది? నన్ను బాండేజర్ అంటారు, మా అమ్మనన్నారు. పిలిచినప్పుడు పలికితే అయిపోయె. మాటేగా, కొరుకుతుందా?"

ఎల్స్‌పెత్ ఆవు క్రమ్మీ పొదుగును గట్టిగా పిండింది కాబోలు, అది కాలు విసిరింది. ముంత ఒరిగి సగం పాలు నేలపాలయ్యాయి. మామూలు రోజైతే తిట్టేది. ఇవాళ ఆవు పొట్టకు నుదురు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. వెచ్చగా ఉంది. మే నెల తర్వాత ఈ ఆవు ఎక్కడుంటుందో.

లేచి ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంది.

"ఎక్కడికి?" అంది పెగ్.

"అయ్యగారి దగ్గరికి."

"అడగడానికా! ఎల్స్‌పెత్ వదినా, ఎవరైనా వింటే..."

"నువ్వు విన్నావుగా. ఇక మిగిలినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు."

*

కొత్త అయ్యగారు హెన్లీ పెరట్లోనే ఉన్నాడు. పెద్దయ్యగారి మేనల్లుడు. దక్షిణాన కెంట్ నుంచి వచ్చాడు. చెడ్డవాడని ఎవరూ అనలేదు. బూట్లకు బురద అంటితే వెంటనే తుడుచుకుంటాడు, అదొక్కటే ఇక్కడివాళ్ళకు వింత. ఎల్స్‌పెత్ దారి పొడుగునా కూర్చుకున్న మాటలు నోరు తెరిచేలోపు తనే పలకరించాడు.

"మిసెస్ టేట్! మీ ఆయన గుర్రాలు ఇంకా శాలలోనే ఉన్నాయేమిటి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాడు అయ్యగారూ. వూలర్ వెళ్ళాడు."

"సంతకా? ఏం కొనడానికి?"

ఎల్స్‌పెత్ ఆయన ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"కొనడానికి కాదండీ. ఆయన్నే ఎవరైనా కొనుక్కుంటారేమోనని వెళ్ళాడు."

"నాకర్థం కావడం లేదు. నా కూలీలు ఒక్కరూ వదలకుండా అందరితోనూ మాట్లాడాను కదా."

"మేం కూలీలం కాదండీ."

ఆ మాట అనడానికి వచ్చిన మనిషి కాదు ఆమె. బతిమాలడానికి వచ్చింది. అయినా అదే ముందొచ్చింది.

"మరేమిటి?" అన్నాడాయన, కోపంగా కాదు, అయోమయంగా.

"ఆయన హైండ్. కూలీ అంటే రోజుకింతని గోతులు తవ్వేవాడండీ. వాడికి ఆవుండదు. గుర్రాలుండవు. ఎవరూ వాడింటికి వచ్చి ఉండమని చెప్పరు, పొమ్మని చెప్పరు."

"మా వైపు పొలంలో చేసేవాళ్ళందరినీ ఆ మాటే అంటాం. మా నాన్న పత్రికలో రాసినా అదే రాస్తాడు. 'కూలీలు కష్టజీవులు' అని. అందులో చులకనేమీ లేదు."

"మీ వైపు లేదేమోనండీ."

ఆయన చేతిగుడ్డ తీసి బూటు తుడుచుకుని, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. "సరే, హైండే. మీ ఇంటికీ వచ్చాను నేను. మంగళవారం. మీరిద్దరూ లేరు, మీ అమ్మాయి గుమ్మంలో ఉంది. 'మీ నాన్న ఉంటాడు, ఆయన బాండేజరూ ఉంటుంది' అని చెప్పాను. వాళ్ళకు చెబుతానంది."

పెరటి మధ్యలో గుర్రమెక్కడానికి వేసిన రాయి ఉంది. ఎల్స్‌పెత్ దాని మీద కూర్చుండిపోయింది. అయ్యగారి ముందు కూర్చోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

"ఆడపిల్లతో చెప్పారా?" అంది, గాలి చాలనట్టు.

"చెప్పకూడదా?"

"ఇంటాయనతో చెప్పాలండీ. ఆయన చేతిలో పని ఉండగా, ఆయన ముఖం చూసి చెప్పాలి. పెద్దయ్యగారు..."

"పెద్దయ్యగారు, పెద్దయ్యగారు!" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. తర్వాత తగ్గింది. "ఆయన ఎలా చెప్పేవాడో నాతో ఎవరూ అనలేదు, మిసెస్ టేట్. ఇక్కడ అందరికీ అన్నీ తెలుసు, ఎవరూ ఏదీ చెప్పరు. టేట్ పోతే ఆ గుర్రాల దగ్గరికి ఇంకెవర్నీ పంపలేను. క్యాప్టెన్ నన్నే కరవబోయింది. వెళ్ళండి. ఎవరి నాణెమో పుచ్చుకునేలోపు ఆపండి ఆయన్ని."

పనికి కుదుర్చుకునేవాడిచ్చే నాణెం పుచ్చుకుంటే మాట ఖాయమైపోయినట్టే. ఆ సంగతి మాత్రం ఆయనకు తెలుసు.

*

టర్నిప్ కొట్టంలో ఫిలిస్ ఒక్కతే ఉంది. కత్తి పడ్డప్పుడల్లా టర్నిప్ చప్పుడు ఒకే తీరున వస్తోంది. తల్లి నీడ గుమ్మంలో పడ్డా ఆపలేదు.

"మంగళవారం అయ్యగారు ఇంటికొచ్చారా?"

కత్తి ఆగింది.

"వచ్చారు."

"ఏమన్నారు?"

"తెలుసుకునే వచ్చావుగా."

"నీ నోటితో విందామని."

ఫిలిస్ కత్తిని దుంగలోకి గుచ్చి వదిలింది. చలికి పగిలిన వేళ్ళను చంకల్లో దాచుకుంది. "'మీ నాన్న ఉంటాడు, ఆయన బాండేజరూ ఉంటుంది.' అమ్మా, ఆ మాట నాతోనే అన్నాడు. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను, నా కళ్ళలోకే చూస్తూ అన్నాడు. ఆ బాండేజర్ ఇంకెక్కడో ఉన్నట్టు. నేనేదో కబురు మోసే మనిషినైనట్టు. వెనక్కి తిరిగి చూశాను తెలుసా, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని."

"అదా నీ కోపం? నన్నూ అన్నారు ఆ మాట. నీకంటే ఎక్కువ ఏళ్ళే అన్నారు. చచ్చిపోయానా?"

"చచ్చిపోలేదు. మోకాళ్ళు పోయాయి."

"నోర్ముయ్!"

"మూసుకునే ఉన్నాను కదమ్మా, మంగళవారం నుంచీ."

ఎల్స్‌పెత్‌కు చెయ్యెత్తాలనిపించింది. ఎత్తలేదు. కూతురి పెదవి వణకడం అప్పుడు చూసింది.

"చెబుదామనే అనుకున్నాను," అంది ఫిలిస్, ఈసారి నెమ్మదిగా. "ఆ సాయంత్రం నాన్న బూట్లు విప్పుకుంటూ, 'ఇవాళ కాకపోతే రేపు చెబుతారులే' అన్నాడు. అప్పుడే అనేయాల్సింది. నాలిక దాకా వచ్చింది. ఒక్క పూట నా దగ్గర ఉంచుకుందామనిపించిందమ్మా. ఇల్లు నిలవడమా పోవడమా అంతా నా నోట్లోనే ఉన్నట్టుండింది. ఎప్పుడూ ఎవరి నోట్లోనో నేనుండేదాన్ని."

"తెల్లారాకైనా..."

"తెల్లారాక నాన్న గంజి ముట్టలేదు. నా వల్లేనని మీరిద్దరూ నన్ను చూడటం మొదలుపెట్టారు. ఇక ఎలా చెప్పను? ముందు సిగ్గేసింది. తర్వాత భయమేసింది. తర్వాత..." ఆగింది. "తర్వాత నాన్న నిజంగానే వేరే చోటు చూసుకుంటే, ఆడమనిషి అక్కర్లేని ఇల్లు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆశ కూడా పుట్టింది. అబద్ధం ఎందుకు చెప్పను."

"అలాంటి ఇళ్ళు లేవు. హైండ్‌లకు లేవు. నీకు తెలీదా?"

"తెలుసు."

ఆ ఒక్క మాట అంత నిస్సత్తువగా అనకపోతే ఎల్స్‌పెత్ అంత మాట అనేది కాదేమో. జాలి పుట్టబోయింది. జాలిపడితే నడవలేనని, కోపాన్ని గట్టిగా పట్టుకుంది.

"మీ నాన్న ఈ వయసులో సంతలో పశువులా నిలబడ్డాడు. ఎవడో వచ్చి కండలు పట్టి చూస్తాడు. నీకు పేరు కావాలన్నావు కదా, ఇదుగో ఇప్పుడొస్తుంది. తండ్రిని వీధిన పెట్టిన ఫిలిస్ టేట్ అని ఈ లోయంతా చెప్పుకుంటారు."

ఫిలిస్ ముఖం తెల్లబోయింది. "నేనొస్తానమ్మా. నాన్నకు నేనే చెబుతాను."

"వద్దు. నీ మాటలు ఇవాల్టికి చాలు."

కొట్టం దాటాక వెనక కత్తి చప్పుడు మళ్ళీ మొదలవుతుందేమోనని చెవి పెట్టింది. మొదలవలేదు.

*

షెవియట్ కొండల మీద మంచు ఇంకా కరగలేదు. ఆ వైపు నుంచి వచ్చే గాలికి ఎదురు నడవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. దారి సగంలో పాలబండివాడు ఎక్కించుకున్నాడు. వాడేదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఎల్స్‌పెత్‌కు వినబడింది తను అన్న మాటే. తండ్రిని వీధిన పెట్టిన ఫిలిస్ టేట్. ఎంత సులువుగా వచ్చింది! కడుపున పుట్టినదానికి పేరంటూ ఒకటుందని తనకెప్పుడూ గుర్తుండేది కాదు. 'మా పిల్ల', 'మా గావిన్ బాండేజర్' అని ఊరివాళ్ళలాగే తనూ అనేది. ఇవాళ పేరు పెట్టి అన్నది ఇదొక్కటే, అదీ ఇలాంటి మాటలో.

తిరిగి వెళ్ళాక సర్దుకోవచ్చని తనకు తనే చెప్పుకుంది. ముందు ఆయన్ని ఆపాలి. ఉండమన్నారని చెప్పాలి. ఆ మాట వినగానే ఆయన ముఖం ఎలా విచ్చుకుంటుందో తలుచుకుంటే మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గినట్టయింది.

వూలర్ సంతవీధి కిటకిటలాడుతోంది. గడ్డి గుచ్చుకున్న మగవాళ్ళు గోడ వారన వరసగా నిలబడ్డారు. పొలాల యజమానులు ఆ వరస ముందు నడుస్తూ ఆగుతున్నారు. ప్రతివాడి మొదటి ప్రశ్న ఒకటే.

"హైండా? ఆడవాళ్ళెంతమంది?"

"ఇద్దరండీ. గట్టి మనుషులు."

"ఒక్కతే ఉందండీ, కానీ ఇద్దరి పని చేస్తుంది."

ఆ వరసలో గావిన్ లేడు. ఎల్స్‌పెత్ సారాకొట్టు వైపు కూడా చూసింది. చివరికి గుర్రాలకు నీళ్ళు పెట్టే రాతితొట్టి దగ్గర కనబడ్డాడు. ఎవరిదో నల్లగుర్రం నీళ్ళు తాగుతుంటే, చేతులు వెనక కట్టుకుని, ముట్టుకోకుండా చూస్తున్నాడు.

టోపీలో గడ్డిపోచ లేదు.

"ఊడిపోయిందా?" అంది ఎల్స్‌పెత్. ఊడిపోయిందనే అనమని ఆయనను లోలోపల బతిమాలింది.

గావిన్ ఉలిక్కిపడి చూశాడు. తర్వాత మెల్లగా పిడికిలి విప్పాడు. అరచేతిలో వెండినాణెం ఉంది.

"పుచ్చుకున్నాను."

"ఎవరి దగ్గర?"

"బర్న్‌సైడ్ ఆయన. కొండకవతల."

"మంచి గుర్రాలేనా?"

ఆయన తొట్టి వైపు చూశాడు. నల్లగుర్రం తల ఎత్తింది. మూతి నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"గుర్రాల్లేవు, ఎల్స్‌పెత్. కూలీగా కుదిరాను."

ఎల్స్‌పెత్ తొట్టి అంచు పట్టుకుంది. 

"'గావిన్ టేట్ కూలీ.' ఇక్కడ నిలబడి రెండు మూడుసార్లు అనుకుని చూశాను. నోరేమీ కాలిపోలేదు." నవ్వబోయాడు, కుదరలేదు. "కాలవలు తవ్వాలి. కంచెలు కట్టాలి. వారం వారం డబ్బు చేతికిస్తారు. ఇంటికి అద్దె కట్టుకోవాలి. ఆవుకు చోటు లేదన్నాడు."

"క్రమ్మీని..."

"అమ్మేయాలి. నీ మొహం చూసి ఈ మాట ఎలా చెప్పాలా అని ఇక్కడే తచ్చాడుతున్నాను. ఇంతలో నువ్వే వచ్చావు."

"ఎందుకయ్యా?" అంది ఎల్స్‌పెత్. "హైండ్ పనికి ఎవరూ అడగలేదా నిన్ను?"

"అడగకేం? ముగ్గురడిగారు. నా చేతులు చూసి ఎవరైనా అడుగుతారు. ముగ్గురూ ఒకటే అన్నారు, ఆడవాళ్ళెంతమందని. ఒక కూతురుందండీ, రాదు అన్నాను. జబ్బుమనిషా అన్నాడొకాయన. కాదండీ, దానికి ఇష్టం లేదు అన్నాను." గావిన్ తల గోక్కున్నాడు. "ఎంత నవ్వారనుకున్నావు! పక్కవాణ్ణి పిలిచి మరీ చెప్పాడు. 'ఇదుగో, ఈ హైండ్ కూతురికి ఇష్టం లేదట!' అని. వరసంతా నవ్వింది. నేనూ నవ్వేవాణ్ణే, ఇంకొకడు ఆ మాటంటే. కూలీనైతే ఆడమనిషిని తెమ్మని ఎవరూ అడగరు."

"పొద్దున దాన్ని అన్ని మాటలన్నావు."

"అందుకే. దారంతా అదే. పేరు పెట్టి పిలుస్తావు అంది చూడు. నిజమే కదే! క్యాప్టెన్‌కు కాలిలో ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా కూర్చున్నాను. పిల్ల వేళ్ళు పగిలి నెత్తురోడుతుంటే చూసి కూడా రొట్టె మాడింది అన్నాను." నాణెం పిడికిట్లో పెట్టి మళ్ళీ మూశాడు. "ఇంకొక సంగతి చెప్పనా? ఆ కొత్తాయన మనకు చెప్పకపోవడం మంచిదే అయింది. ఉండమని ఉంటే నేనీ పని చేసేవాణ్ణంటావా? ఆ ఒక్క మాట ఎత్తుకుని ఇంటికొచ్చి, నీకు రెండుసార్లు చెప్పి, దాన్ని ఇంకో ఏడాది ఆ చేలో కట్టేసేవాణ్ణి. ఎలాగూ పొమ్మన్నారు, ఇక పోయేదేముంది అనుకున్నాక ధైర్యమొచ్చింది."

ఎల్స్‌పెత్ నోటిదాకా వచ్చిన మాట అక్కడే నిలిచిపోయింది. నిన్ను ఉండమన్నారయ్యా. మంగళవారమే అన్నారు. నీ గుర్రాలు శాలలో నీ కోసమే ఎదురుచూస్తున్నాయి. దారంతా ఎంత తియ్యగా మోసుకొచ్చిన మాట! ఇప్పుడు చెబితే ఈ మనిషి కాళ్ళ కింద నేల లేకుండా పోతుంది. నాణెం తిరిగి ఇవ్వలేడు, మాట తప్పిన గావిన్ టేట్‌ను ఈ లోయలో ఎవరూ పనికి పిలవరు. చెప్పకపోతే, ఆ అయ్యగారే ఎదురుపడి రేపు చెబుతాడు. లేదా పెగ్ చెబుతుంది.

"ఇంతకీ నువ్వెందుకొచ్చావు?" అన్నాడు గావిన్, అప్పుడే తట్టినట్టు. "ఇంత దూరం, ఆ మోకాళ్ళతో?"

"రొట్టె మరిచిపోయి వచ్చావు కదా. తెచ్చాను."

ఆయన ముఖం వెలిగింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ఆ వెలుగులోనే తెలిసింది. నాణెం లేని చెయ్యి చాపాడు.

"ఏదీ?"

ఎల్స్‌పెత్ చేతులు ఏప్రాన్ మీద ఉన్నాయి. ఖాళీగా ఉన్నాయి. గావిన్ ఆ చేతుల వైపు చూశాడు. ఆమె ముఖం వైపు చూశాడు. ఏదో అడగబోయి, ఆమె భుజం మీదుగా వీధిలోకి చూస్తూ ఆగిపోయాడు.

జనాన్ని తోసుకుంటూ ఫిలిస్ వస్తోంది. పొలం బట్టల్లోనే వచ్చేసింది. తల మీద గడ్డిటోపీ లేదు, జుట్టంతా గాలికి రేగి ఉంది. గోడ వారన నిలబడ్డవాళ్ళెవరో ఏదో అన్నారు, నవ్వారు. వినిపించుకోలేదు. గుడ్డలో చుట్టిన రొట్టెను గుండెలకు హత్తుకుని, పెదవులు కదుపుతూ వస్తోంది. చెప్పాల్సిన మాటను దారి పొడుగునా అనుకుంటూ వచ్చినదానిలా ఉంది.

గావిన్ నాణెమున్న పిడికిలిని కోటు జేబులో దాచుకున్నాడు.

"ఇటు, ఫిలిస్!" అని కేకేశాడు.

సంతలో అందరికీ వినబడేంత గట్టిగా. ఆ నోట ఆ పేరు అలా వినడం కొత్త. ఫిలిస్ పెదవులు ఆగాయి. అడుగులూ ఆగాయి. తండ్రి టోపీ వైపు, గడ్డి లేని ఆ పట్టీ వైపు చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. చెప్పావా, లేక నేను చెప్పనా అని ఆ కళ్ళు అడుగుతున్నాయి.

ఎల్స్‌పెత్ తల ఊపలేదు. అడ్డంగానూ తిప్పలేదు.

"రా తల్లీ, రొట్టె తెచ్చావా?" అంటూ గావిన్ తనే ఎదురు నడిచాడు.